సాలీడు సంగతి తర్వాత, ముందు ఆ స్పీకర్ తీయమనండి

టెక్కలి దగ్గర ఒక పల్లె నుంచి వచ్చిన ఉత్తరం ఇది. భర్త గల్ఫ్‌లో వెల్డర్. ఆమె, నాలుగేళ్ల బాబు, అత్తగారు పాత పెంకుటింట్లో ఉంటున్నారు. రాత్రిపూట గోడ మీద అరచేయంత సాలీడు కనబడితే ఆమెకు ముచ్చెమటలు పోస్తాయి. వెంటనే భర్తకు ఫోన్ చేస్తారు. ఆయన స్పీకర్ పెట్టి, రూములో వాళ్లందరికీ వినిపించి నవ్వుతారు. అత్తగారు సాలీడును చంపనివ్వరు. మొన్న బాబు మెడ మీద కాలినట్టు ఎర్రటి చార లేచింది. ‘ఇదంతా మా అత్తగారి మొండితనం వల్లే. ఏ స్ప్రే కొట్టాలి? ఆమెను ఎలా ఒప్పించాలి?’ అని అడిగారు.

అమ్మా, పసివాడు పడుకునే గదిలో స్ప్రే వద్దు. మీరు చెప్పిన సాలీడు గూడు అల్లే రకం కాదు. పగలంతా దేవుడి పటం వెనకో, దూలం సందులోనో నక్కి ఉండి, చీకటి పడ్డాక బొద్దింకల కోసం బయటికి వస్తుంది. దాని జోలికి వెళ్లి చేత్తో పట్టుకుంటే తప్ప కరవదు. ‘పొట్ట కింద తెల్లటి బిళ్ల పట్టుకుని తిరుగుతోంది, విషమేమో’ అని రాశారు. అది గుడ్ల సంచి. పిల్లలు బయటికి వచ్చేదాకా తల్లి దాన్ని అలాగే మోసుకు తిరుగుతుంది.

బాబు మెడ మీద చారను ముందు డాక్టరుకి చూపించండి. ఇలాంటివి కనబడగానే ‘సాలీడు పాకింది’ అనేస్తారు గానీ, వానాకాలంలో ట్యూబ్‌లైటు దగ్గరికి నలుపు, నారింజ రంగుల్లో సన్నటి పురుగు ఒకటి చేరుతుంది. అది నిద్రలో ఒంటి మీద నలిగితే, రసం తగిలినంత మేరా చర్మం పొక్కుతుంది. పడుకునే ముందు లైటు ఆపేయండి. ఒంటి మీద వాలితే నలపకుండా ఊదేసి, ఆ చోట సబ్బుతో కడగండి.

ఇక అత్తగారి విషయం. ఉత్తరం నిండా ఆమె మీద ఫిర్యాదులే. కానీ మధ్యలో మీరే ఒక మాట రాశారు. మీరు కేక వేస్తే ఆవిడ అర్ధరాత్రి మోకాళ్లు పట్టుకుని లేచి వచ్చి, ‘ఏటమ్మా, అదేటి సేస్తాది నిన్ను’ అంటూ సాలీడును చేటలోకి ఎక్కించి, పెరట్లో వదిలేసి వస్తారట. మీ భయానికి లేచి వచ్చిన మనిషి ఆ ఇంట్లో ఆమె ఒక్కరే. ఆమెను ఒప్పించాల్సిన పని ఏముందమ్మా?

నాకు ఒళ్లు మండింది ఆ స్పీకర్ దగ్గర. ఎండలో ఒళ్లు హూనం చేసుకుని ఆయన డబ్బు పంపుతున్నారు, కాదనను. అయినా భార్య భయపడి ఏడిస్తే, దాన్ని నలుగురికీ కాలక్షేపంగా వినిపించే హక్కు ఏ మొగుడికీ లేదు. డబ్బు పంపినంత మాత్రాన ఆ తప్పు మాఫీ అయిపోదు. ‘ఊరికే ఫోన్ చేస్తే, ఏం పనుందని చేశావంటారు’ అని కూడా రాశారు మీరు. అంటే సాలీడు కనబడని రాత్రి మీకు ఆయనతో మాట్లాడటానికి సాకు కూడా లేదు. మీ అసలు టెన్షన్ ఇదే. గోడ మీద ఉన్నదాన్ని చంపినంత మాత్రాన ఇది తీరదు.

ఆయనకు సెలవున్న రోజు, పట్టపగలు, భయం లేనప్పుడు ఫోన్ చేయండి. ‘స్పీకర్ తీసేసి బయటికి రండి, అప్పుడే మాట్లాడతాను’ అనండి. నవ్వితే పెట్టేయండి. పెట్టేశాక మనసాగక మళ్లీ మీరే చేయకండి, ఆయన్ని చేయనివ్వండి. చేసినప్పుడు, నలుగురిలో నవ్వడం మీకెంత చిన్నతనంగా ఉందో నెమ్మదిగా, సూటిగా చెప్పండి. బాబు గురించి, ఇంటి గురించి, మీకు ఏమీ తోచని సాయంత్రాల గురించి కూడా చెప్పండి.

ఈ రాత్రి నుంచే అత్తగారి మంచం మీ గదిలో వేయించండి. కొడుకు దూరంగా ఉన్న తల్లి ఆవిడ, ఆమెకూ తోడు కావాలి. కానీ ఆయనకు చెప్పాల్సిన మాట మాత్రం ఆమె చేత చెప్పించకండి. అది మీ నోటితో మీరే చెప్పాలి.