చిన్నప్పటి నుంచీ తింటున్న రొయ్యలు పదిహేనేళ్ళ వయసులో పడకపోవడం ఉంటుందా?

ఉంటుందండీ. రొయ్యలు, పీతల విషయంలో ఇది వింతేమీ కాదు. పాలు, గుడ్ల ఎలర్జీ ఎక్కువగా పసితనంలో మొదలై చాలామందిలో పెరిగేకొద్దీ తగ్గిపోతుంది. రొయ్యలది దాదాపు రివర్సు, టీనేజీలోనో పెద్దయ్యాకో మొదలై మామూలుగా అలాగే ఉండిపోతుంది. మీ అత్తగారు "ఇన్నేళ్ళూ తిన్నవాడే కదా, వేడి చేసుంటుంది" అన్నారని రాశారు. ఇన్నేళ్ళూ తిన్న మాట నిజమే, కానీ అందువల్ల ఎలర్జీ కాదని చెప్పలేం. బాబు రెండుసార్లు రొయ్యల వేపుడు తిన్నాడు, రెండుసార్లూ అరగంటలోపే పెదవి వాచింది, ఒంటి మీద దద్దుర్లు లేచాయి, మధ్యలో చికెన్, చేపలు తిన్న రోజుల్లో ఏమీ లేదు. నేను డాక్టర్ని కాదు గానీ మా అమ్మాయికి ఇంటర్ ఫస్టియర్‌లో ఇలాగే మొదలైంది కాబట్టి చెబుతున్నాను, ఇది ఎలర్జీ స్పెషలిస్టుకి చూపించాల్సిన విషయమే. ఈలోగా రొయ్యలు, పీతలు పూర్తిగా ఆపేయండి. "ఒక్కటి పెట్టి చూద్దాం" అనే ప్రయోగం మాత్రం ఇంట్లో చెయ్యొద్దు. పోయినసారి దద్దుర్లతో ఆగింది కదా అని ఈసారి కూడా అక్కడే ఆగుతుందన్న గ్యారంటీ ఏమీ లేదు.

మాది భీమవరం వైపు, రొయ్య లేని వారం ఉండదు. మా పిల్లకి మొదట కనిపించింది దద్దుర్లు కాదు, అరచేతుల్లో దురద. కుడిచేత్తో అన్నం తింటూ ఎడమ అరచేతిని టేబులు అంచుకి రాస్తూ కూర్చుంది. కాసేపటికి చెవులు ఎర్రబడ్డాయి, మాటిమాటికీ గొంతు సవరించుకుంటోంది, అడిగితే రొయ్య మీసం గుచ్చుకున్నట్టుందమ్మా అంది. గొంతులో నిజంగా ఏమీ లేదు. ఆ పూట సెట్రిజిన్ (ఎలర్జీ దురదకి వేసే మాత్ర) వేస్తే తగ్గింది. తర్వాత కొన్నాళ్ళకి మళ్ళీ అదే దురద, కానీ ఆరోజు వండింది వంకాయ కూర. ఇంకేం, ఇంటిల్లిపాదీ వంకాయ మీద పడ్డారు, మనవాళ్ళకి ఒంటికి దురద అంటే ముందు వంకాయే గుర్తొస్తుంది కదా. (వంకాయకి నిజంగానే ఎలర్జీ ఉన్నవాళ్ళూ ఉంటారు, కొట్టిపారేయలేం.) అయితే గుత్తివంకాయ, వంకాయ పచ్చడి తిన్న రోజుల్లో మా పిల్లకి ఏమీ కాలేదు. ఆరోజు కూరలో రొయ్యపొట్టు వేశారు. కూర పేరు చూసుకుంటూ కూర్చుంటే అది ఎప్పటికీ బయటపడేది కాదు, అందులో ఏమేం పడ్డాయో ఒక్కొక్కటీ రాసుకున్నాకే దొరికింది.

అందుకే డాక్టరు దగ్గరకి వెళ్ళేలోపు మీరు చేయాల్సిన పని రాసిపెట్టుకోవడం. ఏం తిన్నాడు, ఎంత తిన్నాడు, ఎన్నింటికి తిన్నాడు, మొదటి దురద ఎన్నింటికి, ఎంతసేపు ఉంది. ఇలాంటి ఎలర్జీ సాధారణంగా తిన్న కొన్ని నిమిషాల నుంచి రెండు గంటల్లోపు బయటపడుతుంది, కాబట్టి డాక్టరు ముందు అడిగేది టైమే. తిన్నాక క్రికెట్టో షటిలో ఆడాడా, ఆరోజు జ్వరం ఉందా, ఇబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్ర ఏమైనా వేసుకున్నాడా అన్నవీ రాయండి. కొంతమందికి ఉత్తప్పుడు తింటే ఏమీ కాదు, తిన్న వెంటనే పరిగెడితేనే వస్తుంది, గోధుమలతోనూ రొయ్యలతోనూ ఇది తెలిసిన సంగతే. దద్దుర్లు లేచినప్పుడు ఫోన్లో ఫొటో తీసి ఉంచండి, డాక్టరు గది దాకా వెళ్ళేసరికి ఒంటి మీద ఒక్కటీ మిగలదు.

ఎలర్జీలాగే కనిపించేవి కొన్ని ఉన్నాయి. కానాగంతల లాంటి చేప ఐసు లేక ఎండలో ఉండిపోతే అందులో హిస్టమిన్ అనే పదార్థం పెరిగిపోతుంది, ఎంత ఉడికించినా పోదు, తిన్నవాళ్ళకి మొహం ఎర్రబడి మంట, దద్దుర్లు వస్తాయి. అప్పుడు చూడాల్సింది ఇంట్లో ఇంకెవరికైనా వచ్చిందా అని. పాలు తాగితే ఉబ్బరం, విరేచనాలు అయితే అది చాలావరకు లాక్టోజ్ (పాలలో ఉండే చక్కెర) అరగకపోవడం, వేరే కథ. తిండితో సంబంధం లేకుండా రోజుల తరబడి వచ్చిపోయే దద్దుర్లూ ఉంటాయి, వైరల్ జ్వరాల తర్వాత పిల్లల్లో మామూలే.

టెస్టుల దగ్గర కొంచెం జాగ్రత్త. వంద ఆహారాలకి ఒకేసారి టెస్టు అంటూ ప్యాకేజీలు అమ్ముతుంటారు, వాటిలో ఐజీజీ (ఒక రకం యాంటీబాడీ) అని ఉంటే డబ్బు దండగ, అది ఆ పదార్థం మీరు తింటున్నారని చెబుతుందంతే. పనికొచ్చేవి ఐజీఈ (ఎలర్జీ తెప్పించే యాంటీబాడీ) రక్త పరీక్ష, చర్మం మీద చేసే ప్రిక్ టెస్టు. ప్రిక్ టెస్టులో ముంజేతి మీద పెన్నుతో నంబర్లు వేసి, ఒక్కో ఆహారపు సారం చుక్క పెట్టి సూదితో చిన్నగా గుచ్చుతారు, పావుగంట, ఇరవై నిమిషాల్లో దోమ కుట్టినట్టు పొంగిందా లేదా చూస్తారు. సెట్రిజిన్ లాంటివి దానికి కొన్ని రోజుల ముందే ఆపాలి, ఎన్ని రోజులో అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే అడగండి. ఒకటి గుర్తుంచుకోండి, టెస్టు పాజిటివ్ వచ్చినంత మాత్రాన ఎలర్జీ ఉన్నట్టు కాదు. ఇంటి దుమ్ములోని పురుగులు పడనివాళ్ళకి రొయ్య కూడా పాజిటివ్ చూపించొచ్చు, రెండింటిలోనూ ట్రోపోమయోసిన్ అనే ప్రొటీన్ ఉంటుంది. ఏ ఇబ్బందీ లేకుండా తింటున్నవాటిని రిపోర్టు చూసి మానిపించకండి, పెరిగే వయసు పిల్లాడు.

ఇప్పుడు అసలు టెన్షన్ పడాల్సిన సంగతి. ఊపిరి ఆడకపోవడం, పిల్లికూతలు, గొంతు బొంగురుపోవడం, కళ్ళు తిరగడం, దద్దుర్లతో పాటు ఆగకుండా వాంతులు, వీటిలో ఏది కనిపించినా సెట్రిజిన్ వేసి కూర్చోవద్దు. అది దురదని తగ్గిస్తుంది గానీ గొంతు వాపునీ పడిపోయే బీపీనీ ఆపలేదు. దానికి మందు అడ్రినలిన్ ఇంజెక్షన్, తొడ బయటి వైపు కండకి ఇస్తారు. 108కి ఫోన్ చేసి, పిల్లాణ్ణి వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ళు ఎత్తుగా పెట్టండి, ఆయాసంగా ఉంటే కూర్చోనివ్వండి, నడిపించుకుని మాత్రం తీసుకెళ్ళొద్దు. తగ్గాక కూడా కొన్ని గంటలు ఆసుపత్రిలో ఉంచుతారు, మళ్ళీ తిరగబెట్టే అవకాశం ఉంటుంది, ఇంటికెళ్ళిపోతామని పట్టుబట్టకండి. బాబుకి అడ్రినలిన్ దగ్గర ఉంచుకోవాలా, ఎలా ఇవ్వాలి అన్నది డాక్టర్ని సూటిగా అడగండి. పెన్నులా వచ్చే ఇంజెక్షన్ మా వైపు మెడికల్ షాపుల్లో తేలిగ్గా దొరకదు, అందుకే మాకు ఆంప్యూలు (మందు ఉండే చిన్న గాజు గొట్టాలు), సిరంజి రాసిచ్చి మోతాదు చెప్పి, చేయించి చూపించారు.

ఇక ఈ వయసు పిల్లలతో వచ్చే తలనొప్పి వేరు. ఇంట్లో మనం ఎంత చూసినా బయట ఫ్రెండ్స్‌తో తినేదే ఎక్కువ, అక్కడ "నాకు రొయ్యలు పడవు" అనడానికి నామోషీ. మా అమ్మాయైతే ముందే సెట్రిజిన్ మింగేసి పార్టీకి వెళ్తే సరిపోతుందని ప్లాన్ వేసింది, నయం, నాకు చెప్పింది. మొదట వచ్చే దురదని మాత్ర కప్పేస్తే గొంతు దాకా వచ్చేవరకూ తెలియదని డాక్టరే దానికి వివరించారు. నేను చెబితే వినేది కాదు. మీరు కూడా ఆ గదిలో బాబునే మాట్లాడనివ్వండి, ఫ్రెండ్స్‌లో ఒకరికైనా విషయం చెప్పి ఉంచమనండి.

చేపలు పెట్టొచ్చా అని అడిగారు. చేప ఎలర్జీ వేరు, రొయ్య ఎలర్జీ వేరు, రెండింటి ప్రొటీన్లూ వేరు. ఇప్పటిదాకా పడుతున్నాయి కాబట్టి డాక్టరు వద్దంటే తప్ప మానక్కర్లేదు. కాకపోతే హోటల్లో అపోలో ఫిష్ ఆర్డరిస్తే రొయ్యలు వేయించిన నూనెలోనే వేయొచ్చు, అందుకని ఇంట్లో వండినవే పెట్టండి, చేపల మార్కెట్లో కొట్టించేటప్పుడు కూడా రొయ్యలు ఒలిచే పీట మీద కాకుండా చూసుకోండి.