అబోరిజినల్ టీనేజర్లతో పని: సిడ్నీలో సోషల్ వర్క్ చదివే అమ్మాయికి దారి ఏది?

ప్రశ్న: మా అమ్మాయి సిడ్నీలో మాస్టర్ ఆఫ్ సోషల్ వర్క్ మొదటి ఏడాదిలో ఉంది. చిక్కుల్లో పడుతున్న అబోరిజినల్ (ఆస్ట్రేలియా మూలవాసి) టీనేజర్ల కోసం నడిచే కార్యక్రమాల్లో ప్లేస్‌మెంట్, అంటే కోర్సులో భాగమైన పని శిక్షణ, చేస్తానంటోంది. బయటివాళ్లను రానిస్తారా? తర్వాత ఉద్యోగం దొరుకుతుందా? (ఒక తండ్రి, గుంటూరు)

జవాబు: రానిస్తారండీ, కాకపోతే డిగ్రీ చూసి కాదు. సిడ్నీ ఉన్న న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో 1969 దాకా అబోరిజినల్ కుటుంబాల మీద పెత్తనం చేసిన ప్రభుత్వ సంస్థ పేరు అబోరిజిన్స్ వెల్ఫేర్ బోర్డు. అదీ, అంతకుముందున్న ప్రొటెక్షన్ బోర్డూ తల్లుల దగ్గర్నుంచి పిల్లల్ని లాక్కుపోయాయి. 2008లో ప్రధాని కెవిన్ రడ్ పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. అయినా ‘వెల్ఫేర్ వాళ్లొచ్చారు’ అంటే నేటికీ చాలా ఇళ్లలో గుండె గుభేలుమంటుంది. మీ అమ్మాయి ఆ గుమ్మంలోకి వెళ్లేది సరిగ్గా వెల్ఫేర్ మనిషిగానే. ఇది తెలియకపోతే మొదటి వారమే బోల్తా కొడుతుంది.

అందుకే అబోరిజినల్ వాళ్లే నడిపే సంస్థలో ప్లేస్‌మెంట్ అడగమనండి. సిడ్నీలోని రెడ్‌ఫర్న్‌లో అబోరిజినల్ వాళ్లు నడిపే ట్రైబల్ వారియర్ సంస్థ, స్థానిక పోలీసులు కలిసి 2009లో ‘క్లీన్ స్లేట్ వితౌట్ ప్రెజుడిస్’ మొదలుపెట్టారు. వారంలో మూడు రోజులు తెల్లారి ఆరింటికి బాక్సింగ్. కుర్రాళ్లూ పోలీసులూ ఒకే గదిలో చెమటోడుస్తారు. పని చేసేది బాక్సింగ్ ఒక్కటే అనుకుంటే పొరపాటు. ఆరింటికి లేవాలంటే రాత్రి వీధుల్లో తిరగడం కుదరదు. అవే మొహాలు, అదే వేళ, నెలల తరబడి కనిపిస్తే నమ్మకం కుదురుతుంది.

ఇక్కడే విద్యార్థుల ప్లేస్‌మెంట్లకు చిక్కు. కోర్సులో మొత్తం 1000 గంటలు, మామూలుగా రెండు ప్లేస్‌మెంట్లు. వారానికి 35 గంటల చొప్పున 500 గంటలంటే పద్నాలుగు వారాలు దాటేసరికి అయిపోతుంది. అప్పటికే ఎంతోమంది పెద్దవాళ్లు వచ్చి మాయమైపోవడం చూసిన పిల్లలు వాళ్లు. ఫలానా తేదీకి వెళ్లిపోతానని మొదటిరోజే చెప్పేయాలి. తర్వాత వారానికొక పూటైనా వాలంటీరుగా కొనసాగగలిగితే అంతకన్నా మంచి సిఫారసు ఉండదు.

రెడ్‌ఫర్న్ పేరు అందరికీ తెలుసు కాబట్టి అందరూ అక్కడే అడుగుతారు. సిడ్నీ పడమటి శివార్లలోని బ్లాక్‌టౌన్, మౌంట్ డ్రూయిట్ వైపు అబోరిజినల్ కుటుంబాలు చాలా ఎక్కువ. మనవాళ్లు ఎక్కువగా ఉండే పారమట్టా, వెస్ట్‌మీడ్ నుంచి దగ్గర కూడా. పారమట్టాలోనే 2015 నుంచి యూత్ కూరీ కోర్టు (కూరీ అంటే ఆ ప్రాంతపు అబోరిజినల్ వాళ్లు) నడుస్తోంది. అక్కడ మేజిస్ట్రేటు, సమాజ పెద్దలు, ఆ కుర్రాడు ఒకే బల్ల చుట్టూ కూర్చుని ప్రణాళిక రాసుకుంటారు. చదువు, ఇల్లు, వైద్యం అన్నీ అందులో ఉంటాయి. దాన్ని అమలు చేయడానికి పన్నెండు నెలల దాకా శిక్ష వాయిదా వేయొచ్చు. కేస్‌వర్క్ (ఒక్కొక్కరి అవసరాలు చూసి వెంట ఉండి సాయపడే పని) నేర్చుకోవాలనుకునేవాళ్లు ఆ ప్రణాళికల చుట్టూ జరిగే పనిని చూడాలి.

మాటతీరు గురించి. అక్కడ ‘షేమ్’ అనే మాట తరచూ వినిపిస్తుంది. నలుగురిలో వేలెత్తి చూపిస్తే కలిగే సిగ్గు అది. తిట్టినప్పుడే కాదు, పొగిడినా వస్తుంది. అందరి ముందూ ‘భలే చేశావురా’ అంటే ఆ పిల్లాడు మర్నాడు రాకపోవచ్చు. పక్కన నడుస్తూ మెల్లగా చెప్పాలి. వరసగా ప్రశ్నలేసి, కళ్లల్లోకి చూస్తూ జవాబు కోసం కాచుకోకూడదు. మనం దారినపోయే వాళ్లందరినీ ఆంటీ, అంకుల్ అనేస్తాం. అక్కడ ఆ పిలుపు పెద్దరికం సంపాదించుకున్నవాళ్లకే. ఎవరిని అలా పిలవాలో సిబ్బందిని అడిగి తెలుసుకోవాలి. ఎవరైనా పోతే ‘సారీ బిజినెస్’ అంటారు, రోజుల తరబడి కార్యక్రమం ఆగిపోవచ్చు. గంటలు తగ్గాయని గొణగకూడదు.

ఉద్యోగాల సంగతి దాచను. ప్రకటనలో ‘ఐడెంటిఫైడ్’ అని ఉంటే అది అబోరిజినల్ వాళ్లకే, అప్లై చేయొద్దు. మిగతావాటిలో చాలావరకు గ్రాంటు డబ్బుతో నడిచే కాంట్రాక్టులే, గ్రాంటు ఆగితే పోస్టూ పోతుంది. అందుకని కోర్సుకు ఆస్ట్రేలియా సోషల్ వర్కర్ల సంఘం ఏఏఎస్‌డబ్ల్యూ గుర్తింపు ఉందో లేదో ఇప్పుడే చూడండి. ఉంటే ఆసుపత్రులు, స్కూళ్లు, శిశు సంరక్షణ శాఖ కూడా తీసుకుంటాయి. స్టూడెంట్ వీసాలో ఉద్యోగం చేయడానికి పక్షానికి 48 గంటల పరిమితి ఉంది. కోర్సులో తప్పనిసరైన ప్లేస్‌మెంట్ గంటలు అందులోకి రావు.

పిల్లలతో పనిచేసేవాళ్లకు తప్పనిసరైన నేపథ్య తనిఖీ, వర్కింగ్ విత్ చిల్డ్రన్ చెక్, ముందే తెచ్చుకోవాలి, ప్లేస్‌మెంట్ విద్యార్థులకు ఉచితం, ఐదేళ్లు చెల్లుతుంది. దాంతోపాటు డ్రైవింగ్ లైసెన్సు. పిల్లల్ని ఇళ్ల దగ్గర ఎక్కించుకొచ్చే వ్యాను నడపగలిగితే ఏ సంస్థైనా సంతోషిస్తుంది. పైగా కష్టసుఖాలు బయటపడేది ఆఫీసులో కాదు, ఆ వ్యాన్లోనే. మామూలు కారు నడిపే సి క్లాసు లైసెన్సుతో డ్రైవరుతో కలిపి పన్నెండు సీట్ల దాకా నడపొచ్చు. ఇండియా లైసెన్సు అక్కడ ఆరు నెలలే పనికొస్తుంది, తర్వాత పరీక్షలు రాసి మార్చుకోవాల్సిందే. ఈ సెలవుల్లోనే ఆ పని మొదలుపెట్టమనండి.