బస్సులో వెక్కిరించి తోసేశారు.. బయటికి పోవాలంటే భయమైతంది!

ప్రశ్న: నాకు 38 ఏండ్లు. మాది నల్గొండ జిల్లా మర్రిగూడ మండలం. చిన్నప్పటి నుంచి ఫ్లోరోసిస్ ఉంది. కాళ్లు వంకర తిరిగాయి, నడుము వంగింది, మెడ తిప్పలేను. అంగడికి పోతే కొందరు నా నడకను అనుకరించి నవ్వుతారు. పోయిన నెల బస్సులో ఒకతను ‘ఇసొంటోళ్లు ఇంట్లనే ఉండాలె’ అని తోసి, ఫోన్‌లో వీడియో తీశాడు. అప్పటి నుంచి గడప దాటడం లేదు. నిద్ర పట్టదు. మెడికల్ షాపులో నిద్రమాత్ర తెచ్చుకోవచ్చా?

జవాబు: ‘పట్టించుకోకు’ అని ఇప్పటికే నలుగురు చెప్పి ఉంటారు. అది చేతకాకపోవడం మీ తప్పు కాదు. ఆ తోపును మెదడు ప్రమాదంగా గుర్తుపెట్టుకుంది. అందుకే బస్టాండ్ పేరెత్తగానే గుండె దడదడలాడుతుంది. ఇంట్లో ఉండిపోతే దడ తగ్గుతుంది, కానీ ‘ఇల్లే క్షేమం’ అన్న నమ్మకం అంతకంతకూ గట్టిపడుతుంది. పైగా కదలకపోతే మీ కీళ్లు ఇంకా బిగుసుకుంటాయి.

వెళ్లాల్సిన చోట్లు రాసుకుని, భయానికి పదికి ఎన్నో మార్కులు వేయండి. కిరాణా దుకాణం 3, బ్యాంకు 6, రద్దీ బస్సు 9 అనుకుందాం. ముందు 3తోనే మొదలు. అక్కడ భయం సగానికి దిగేదాకా ఉండాలి, మామూలుగా 20 నుంచి 40 నిమిషాలు పడుతుంది. దడ పుట్టగానే వెనుదిరిగితే చేసిందంతా వృథా. వారానికి నాలుగైదుసార్లు వెళ్లి, అది 1కో 2కో వచ్చాకే పై మెట్టుకు పోండి. మొదట ఒకరిని తోడు తీసుకెళ్లండి, తర్వాత వాళ్లను దూరంగా నిలబడమనండి, ఆ తర్వాత ఒక్కరే వెళ్లండి. చాలామంది జనం లేని వేళ చూసుకుని, కండువా కప్పుకుని పోతారు. ‘ఎవరూ చూడలేదు కాబట్టి బతికిపోయాను’ అనుకుంటారే తప్ప భయం అంగుళం కదలదు.

‘గట్టిగా పీల్చి బిగబట్టండి’ అని వీడియోల్లో చెప్పే చిట్కా మీకు పడదు. ఎముకలకు పాకిన ఫ్లోరోసిస్‌లో పక్కటెముకల కీళ్లు బిగుసుకుని ఛాతీ సరిగా విచ్చుకోదు. బలవంతం చేస్తే ఊపిరాడనట్టయి దడ ఇంకా పెరుగుతుంది. బొడ్డు మీద చేయి పెట్టి, 4 లెక్కపెట్టేంతసేపు పొట్ట లేచేలా పీల్చండి, 6 లెక్కపెట్టేంతసేపు వదలండి. బిగబట్టొద్దు. ఇంట్లో రోజూ రెండు పూటలా 5 నిమిషాలు చేస్తేనే బస్సులో అక్కరకొస్తుంది.

చూసేవాళ్లంతా ఒకటి కాదు. పిల్లలో, పెద్దవాళ్లో ఏమైందని అడిగితే ఒక్క మాట చాలు: ‘నీళ్లల్ల ఫ్లోరైడ్ ఉండె, ఎముకలు ఇట్లయినయి. అంటుకునేది కాదు.’ నీళ్లలో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ‘నల్గొండ టెక్నిక్’ అని పేరొచ్చిన జిల్లా మనది. అయినా పక్కన కూర్చుంటే సోకుతుందనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. ‘ఏ జన్మ పాపమో’ అనేవాళ్లకు జవాబు చెప్పాల్సిన పనే లేదు.

కావాలని వెక్కిరించేవాడితో వాదన వద్దు. ఫ్లోరైడ్ చేరిన ఎముక ఎక్స్‌రేలో దట్టంగా కనిపిస్తుంది, కానీ పెళుసుగా ఉంటుంది. ఫోన్ లాక్కోబోయి పెనుగులాటలో పడితే విరిగేది మీ తుంటే. మెడ తిరగదు కాబట్టి వెనక ఏం జరుగుతోందో మీకు కనపడదు. అందుకని వీపు గోడకో, సీటుకో ఆనించి నిలబడండి. ‘ఎవరన్నా చూడుండ్రి’ అని అరిస్తే ఇంకొకరు చూస్తారులే అని అందరూ ఊరుకుంటారు. ఒకరినే గుర్తుపట్టి పిలవండి: ‘ఎర్రంగి అన్నా, జర కండక్టర్‌ను పిలువు.’ మళ్లీ చేయి పడితే 112కు ఫోన్ చేయండి. బస్సు నంబరు రాసుకోండి, టికెట్ పారేయకండి.

దివ్యాంగుల హక్కుల చట్టం–2016, సెక్షన్ 92 ప్రకారం, కించపరచాలనే ఉద్దేశంతో నలుగురి ఎదుట దివ్యాంగులను అవమానించినా, బెదిరించినా 6 నెలల నుంచి 5 ఏళ్ల దాకా జైలు, జరిమానా. వైకల్యం 40 శాతం ఉండాలన్న షరతు పథకాలకూ రిజర్వేషన్లకూ గానీ ఈ కేసుకు లేదు. ‘నలుగురి ఎదుట’ అన్నది నిలబడాలి కాబట్టి కండక్టర్, పక్క సీటువాళ్లు సాక్షులుగా కావాలి. ఏ పోలీస్ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు. తీసుకోకపోతే అదే కాగితాన్ని జిల్లా ఎస్పీకి పోస్టులో పంపండి. నెల దాటినా ఇవ్వొచ్చు, కానీ సాక్షులు మరిచిపోకముందే ఇవ్వడం మేలు.

నిద్రమాత్ర సంగతి. అల్ప్రాజోలం లాంటి మత్తు మాత్ర సొంతంగా వద్దు. మన దగ్గర కల్తీ కల్లులో కలుపుతున్నారని పట్టుబడే మందుల్లో ఇదొకటి. అలవాటు పడ్డాక ఒక్కసారిగా మానితే ఫిట్స్ రావొచ్చు. రాత్రి మత్తులో లేచి తూలితే మళ్లీ ఆ పెళుసు ఎముకలే. ఎప్పుడు పడుకున్నా పొద్దున ఒకే వేళకు లేవండి, పగటి కునుకు మానండి. రెండు వారాలైనా నిద్ర కుదరకపోతే, దేనిమీదా మనసు లేకపోతే నల్గొండ ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్యుణ్ని కలవండి. చచ్చిపోవాలనిపిస్తే మాత్రం ఆ క్షణమే 14416 (టెలీ మానస్)కు ఫోన్ చేయండి, రాత్రయినా పలుకుతారు.

ఇంకొకటి. తోపులాట తర్వాత కాళ్లలో కొత్తగా తిమ్మిరి, బలం తగ్గడం, మూత్రం ఆగిపోవడం లేదా తెలియకుండానే మూత్రం పోవడం ఉంటే భయం వల్ల అనుకోవద్దు. వెన్నుపాము నొక్కుకుపోతుండొచ్చు. అదే రోజు ఆసుపత్రికి వెళ్లి ఎంఆర్ఐ అవసరమేమో అడగండి.