సెలిగ్మన్‌లో ఆగలేదేమమ్మా?

బ్రాడీపేట,
గుంటూరు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

అమెరికాలో రూట్ 66 అనే పాత రహదారి వెంట నువ్వు చేసిన ప్రయాణం మీది యాత్రాకథనం మీ నాన్నగారు ప్రింటు తీయించి ఇచ్చి వెళ్లారు. చదివాను. చెయ్యి తిరుగుతోంది, సంతోషం. ఇక అసలు సంగతికొస్తాను, ఆరిజోనా రాష్ట్రంలోని సెలిగ్మన్.

"సెలిగ్మన్ నిద్రపోతున్న పల్లెటూరు. ఒక పాత బార్బర్ షాపు తప్ప చూడ్డానికి ఏమీ లేదు. కాఫీ తాగి బయల్దేరాం." ఈ మూడు వాక్యాలు చదివాక నాకు ఒళ్లు మండిపోయింది. ఆ క్షవరం షాపాయన లేకపోతే నీ యాత్ర ఎక్కడిది? 1926 నవంబర్‌లో పుట్టిన రోడ్డు అది. షికాగో నుంచి శాంటా మోనికా దాకా ఎనిమిది రాష్ట్రాలు, ఇంచుమించు నాలుగు వేల కిలోమీటర్లు. ఇవన్నీ నువ్వే రాశావు. రాయనిది ఏమిటంటే, 1978 సెప్టెంబర్ 22న ఇంటర్‌స్టేట్ 40 అనే కొత్త పెద్ద రహదారి ఆ ఊరిని పక్కకి నెట్టేసి పోయింది. నిన్నటిదాకా గుమ్మం ముందు ఆగిన కార్లు ఇవాళ లేవు. 1985లో రూట్ 66 అనే పేరునే ప్రభుత్వ జాబితాలోంచి తీసేశారు. ఏంజెల్ డెల్గడిల్లో అనే ఆ మంగలి 1987లో చుట్టుపక్కల ఊళ్లవాళ్లని పోగేసి సంఘం పెట్టాడు. ఆరిజోనా ప్రభుత్వం వెంట పడి మరీ దాన్ని చారిత్రక రహదారి అనిపించాడు. నువ్వు ఏ బోర్డు కింద నిలబడి ఫొటో దిగావో, ఆ బోర్డుకి మూలం ఆ కత్తెర.

కాఫీ ఎక్కడ తాగావో కూడా రాయలేదు. ఆయన అన్న హువాన్ కొట్టు, స్నో క్యాప్, ఆ వీధిలోనే ఉంది. రైల్వే యార్డులో పారేసిన చెక్కతో 1953లో కట్టుకున్నాడు. తలుపుకి ఉత్తుత్తి పిడి ఒకటి బిగించాడు. కొత్తవాడు దాన్ని పట్టుకుని గుంజుతుంటే లోపల నవ్వులు. ఆవాల సాస్ అడిగితే సీసా నీ చొక్కా మీదికే నొక్కేవాడు. నువ్వు కెవ్వుమనేలోపు బయటికొచ్చేది పసుప్పచ్చ దారం.

నువ్వు ఇలాంటివాటికి "క్రియేటివిటీ" అని పేరుపెట్టి ముందుకి పోయావు. కాదు తల్లీ, అది బేరం. రోడ్డు పక్క ప్రతి వింత వెనకా ఒక గల్లాపెట్టె ఉంటుంది, దాని మూత తీసి చూడనివాడు యాత్రాకథనం రాయకూడదు. నలభై ఏళ్లుగా ఇదే చెబుతున్నాను, వినేవాళ్లు లేరు. వేగంగా పోయే కారువాడికి నీ కొట్టు కనబడ్డాక బ్రేకు వేసే వ్యవధి ఉండదు. ముందే వాడి మనసులో పడాలి. అందుకే జాక్ ర్యాబిట్ అనే కొట్టు పెట్టినవాడు పసుపు బోర్డుల మీద నల్ల కుందేలుని మైళ్ల ముందునుంచే కూర్చోబెట్టి, ఆఖర్న "ఇదిగో ఇక్కడే" అన్నాడు. హోల్‌బ్రూక్‌లో సిమెంటు గుడారాలు కట్టి గదులు అద్దెకిచ్చింది కూడా అందుకే. ఆ గుడారంలో పడుకుని లేచి నువ్వు రాసింది ఏమిటి? అద్దె ఎంత, వేడినీళ్లు వచ్చాయా, అయిదుకి నాలుగు నక్షత్రాలు. ఇప్పటి రోగమే ఇది. తప్పక చూడాల్సిన పది చోట్లట! యాత్రికుడు పోయి ఇన్‌స్పెక్టరు మిగిలాడు.

నా సంగతి విను. బెజవాడలో ఒక వారపత్రికలో ప్రూఫులు దిద్దేవాణ్ని. గుంటూరు నుంచి రోజూ బస్సే. కాజ దగ్గర ఒక పంక్చర్ షాపతను అరిగిన టైర్లతో నిలువెత్తు మనిషిని కట్టి, తలపాగా చుట్టి, చేతిలో గాలిపంపు పెట్టాడు. లారీవాళ్లు "టైర్ల వీరన్న" అనేవాళ్లు. కండక్టర్లు ఆ పేరుతోనే స్టాపు పిలిచేవాళ్లు. పండక్కి కొత్త తలపాగా ఎవరు పెడుతున్నారని అడిగితే, ఎదురుగా టీ బంకామె అంది, "వాడి వల్లే కదయ్యా నా టీ అమ్ముడయ్యేది." అదంతా కష్టపడి రాశాను. మా ఎడిటర్ రెండు పేజీలు తిప్పి, "ఈ టైర్లెందుకయ్యా, మంగళగిరి గాలిగోపురం రాయి, పదకొండు అంతస్తులు, పానకం సగమే తాగే స్వామి" అన్నాడు. గాలిగోపురం గురించి ఎవడైనా రాస్తాడు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు వీరన్నా పోయాడు, బంకూ పోయింది. ఆ ఎడిటరేమో తర్వాత్తర్వాత శాలువాలు కప్పించుకుని, మన వారసత్వ సంపద అంటూ ఉపన్యాసాలిచ్చాడు!

ఓక్లహోమాలోని కటూసా ఊళ్లో ఉన్న నీలి తిమింగలం బొమ్మ నా వాదనకి లొంగదని నువ్వంటావు. తిమింగలం బొమ్మలు పోగుచేసే భార్యకి పెళ్లిరోజు కానుకగా చెరువులో అంత జంతువుని కట్టాడు హ్యూ డేవిస్. జనం వచ్చి దూకడం మొదలుపెట్టాకే అందరికీ తెరిచాడు. సరే, ఆ ఒక్కటీ నీకు వదిలేస్తున్నాను.

ఇప్పుడు టెక్సస్‌లోని అమరిల్లో ఊరు. 1974లో ముక్కు నేలలో పాతిన పది కాడిలాక్ కార్లు, 1997లో ఊరు మీదికొస్తోందని వాటిని ఇంకాస్త పడమరకి జరిపి పాతడం, వచ్చినవాడల్లా రంగు చల్లడం, అన్నీ రాశావు. మధ్యలో ఒక వాక్యం: "నాన్న ఒక కారు దగ్గర గోటితో రంగు గీకుతూ నిలబడిపోయారు, పిలిస్తే రాలేదు." అక్కడ నేను కాగితం పక్కన పెట్టేశాను. ఆయన ఆటోనగర్‌లో లారీ బాడీలకి రంగులు వేసేవారని మొదట్లో బ్రాకెట్లో పెట్టి వదిలేశావు. లప్పం పెట్టి, ఆరనిచ్చి, ఎమెరీ కాగితంతో రుద్ది, వేలు జారితే ఎక్కడా గరుకు తగలకూడదని జీవితమంతా పాటుపడ్డ మనిషి, రేకు కనపడకుండా దిబ్బలు కట్టిన రంగు ముందు నిలబడ్డాడు. నువ్వేమో కారెక్కమని హారన్ కొట్టావు! ఆయన ఏమన్నారు? ఎన్ని పొరలు లెక్కపెట్టారు? ఆ గోటిలో ఇరుక్కున్న రంగేమిటి?

మొన్న ఇంటికొచ్చినప్పుడు నేనే అడగబోయాను. నీ రచనలోకి నేను చేయి పెట్టకూడదని ఊరుకున్నాను. ఆదివారం ఫోన్‌లో నువ్వే అడుగు. చెప్పింది చెప్పినట్టు రాసుకో, దిద్దకు. కథనం అక్కణ్నుంచి మొదలుపెట్టు, షికాగో విమానాశ్రయం నాలుగు పేజీలూ కొట్టేయ్.

నువ్వడిగిన ముందుమాట, పబ్లిషరు సంగతులు ఇప్పుడెందుకు? సెలిగ్మన్ మళ్లీ రాసి పంపు. ఈసారి అక్షరాలు పెద్దవి వేయించు, మీ నాన్నగారి చేతే పంపు.

ఉంటాను.