కచేరీలో ఎక్కడ నిలబడాలి?

ప్రశ్న: లైవ్ కచేరీల్లో వేదిక దగ్గర నిలబడితే పాట మాటలు తెలియడం లేదు. తర్వాత చెవుల్లో ఒకటే హోరు. ఏం చేయాలి?

జవాబు: సౌండ్ మిక్సర్ బల్ల ముందో పక్కనో నిలబడండి. ఇంజనీరు అక్కడ తన చెవికి వినిపించేదాన్ని బట్టే గొంతునీ వాద్యాలనీ సరిచేస్తారు. మా దృష్టిలో అంతకన్నా మంచి చోటు లేదు. వేదిక అంచున డ్రమ్స్ మోత నేరుగా తగులుతుంది, గొంతేమో పెద్ద స్పీకర్ల నుంచి మీ తల మీదుగా పోతుంది.

హోరును తేలిగ్గా తీసుకోకండి. చెవికి హాని లేకుండా వినడానికి 85 డెసిబెల్స్ (ధ్వని తీవ్రతకు కొలత) మోతకు 8 గంటలు హద్దనుకుంటే, మోత 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ సమయం సగమవుతుంది. 100 దగ్గర మిగిలేది 15 నిమిషాలే! ఫోమ్ ఇయర్‌ప్లగ్స్ కీచుగా వినిపించే పైశ్రుతి ధ్వనులను ఎక్కువగా మింగేస్తాయి, పాట మొద్దుబారుతుంది. ఫిల్టర్ ఉన్నవి, 15 నుంచి 20 డెసిబెల్స్ తగ్గించేవి కొనండి. మొదటి పాటకు ముందే పెట్టుకోండి.