ట్రంకుపెట్టెలోని ఫొటోలు పంచే ముందు

చిరంజీవి మేనల్లుడికి అత్త ఆశీస్సులు.

పార్వతీపురం ఇంట్లో అటక మీద ఉన్న ట్రంకుపెట్టెను ఈ సంక్రాంతికి దించి, అందులోని పాత ఫొటోలను మన వాళ్లందరికీ పంపుతానని నువ్వు చెప్పినప్పటి నుంచి నాకు చాలా సంతోషంగా ఉంది. మా అమ్మ వైపు ఫొటోలతో ఆ పని నేను కొన్నేళ్లుగా చేస్తున్నాను కనుక, నీకు ముందుగా ఒక మాట చెప్పాలి. ఏ ఫొటోనైనా పది మందికి పంపే ముందు, అందులోని మనుషులను ఎరిగిన వారి చేతిలో పెట్టి, వారు చెప్పినది రాసుకో. టెక్కలిలో ఉన్న మా పిన్నికి, అంటే నీ చిన్ననాయనమ్మకు, ఎనభై ఎనిమిదేళ్లు నిండాయి. ఆ ఫొటోలు మరో యాభై ఏళ్లు నిలిచినా, వాటి గురించి చెప్పగలిగిన మనిషి మనకు అంతకాలం ఉండదు.

మా తాతగారు రంగూన్‌లోని ఒక స్టూడియోలో కోటు, బూట్లు వేసుకుని, తెర మీద గీసిన మేడ ముందు నిలబడి దిగిన ఫొటో నీకు గుర్తుండే ఉంటుంది. ఆయన అక్కడ బాగా గడించారని మేమందరం ఆ ఫొటో చూసే నమ్మాము. ఒక మధ్యాహ్నం పిన్ని దాన్ని ఒళ్లో పెట్టుకుని, కోటూ బూట్లూ స్టూడియో వారివేననీ, భుజం మీది కండువా ఒక్కటే ఆయనదనీ, అది మా అమ్మమ్మ ఇక్కడి నుంచి పంపించినదనీ చెప్పింది. 1941 డిసెంబరులో జపాను విమానాలు రంగూన్ మీద బాంబులు వేసిన తరువాత, మన ప్రాంతం నుంచి వలస వెళ్లిన ఎందరిలాగానో ఆయన కూడా కొండదారుల్లో నడిచి వచ్చారట. ఇల్లు చేరేసరికి ఒంటి మీద ఆ కండువా కూడా లేదట. ఇదంతా తెలియకుండా ఆ బొమ్మను మీ అందరికీ పంపి ఉంటే, నేను పంచినది అబద్ధమే అయ్యేది.

అడిగేటప్పుడు ‘ఇదెవరు?’ అని మాత్రమే అడగకు. ఆ చీర ఎవరు కొన్నారు, ఆ రోజు ఎవరింట్లో శుభకార్యం, ఆ పిల్లవాడు ఎందుకు ముఖం తిప్పుకున్నాడు అని అడిగితే, మరచిపోయారనుకున్న పేర్లు వాటంతట అవే వస్తాయి. ఫోను తెర మీద చూపితే పెద్దవాళ్ల కళ్లకు ఆనదు. కాగితమంత పెద్దది చేసి అచ్చు వేయించుకుని వెళ్లు. ఇద్దరు రెండు విధాలుగా చెబితే, ఎవరి మాట వారి పేరుతో రెండూ రాయి, తీర్పు చెప్పకు.

వెనుకవైపు తప్పకుండా చూడు. చిరునామాలో పార్వతీపురం ‘విశాఖపట్నం జిల్లా’ అని ఉంటే ఆ రాత 1950కి ముందుదనీ, ‘శ్రీకాకుళం జిల్లా’ అని ఉంటే 1979 లోపుదనీ, ‘విజయనగరం జిల్లా’ అని ఉంటే ఆ తరువాతిదనీ సాధారణంగా చెప్పుకోవచ్చు. 2022 నుంచి అయితే పార్వతీపురం మన్యం జిల్లా. కొత్తగా నువ్వు రాసేది మెత్తని పెన్సిలుతో, అంచున, ఒత్తకుండా రాయి. బాల్‌పెన్ను గీత ముందుకు ఉబుకుతుంది.

అద్దానికి అతుక్కుపోయిన ఫొటోను మాత్రం లాగవద్దు. మా అమ్మ పెళ్లినాటి ఫొటోను నేను తొందరపడి ఫ్రేములోంచి ఊడదీసినప్పుడు, ఆమె ముఖం అద్దంతోనే వెళ్లిపోయింది. ఆ తప్పును నేను ఈనాటికీ దిద్దుకోలేకపోతున్నాను. అలాంటివాటిని అద్దంతోనే, వెలుతురు తళుక్కు పడకుండా పక్క నుంచి ఫొటో తీయి. జిగురు పేజీల ఆల్బములనూ పేజీలతోనే ఫొటో తీయి. రంగు ఫొటోలతో మొదలుపెట్టు, ఎందుకంటే నలుపు తెలుపు బొమ్మ వెండితో ఏర్పడినది కనుక సాధారణంగా ఎక్కువకాలం నిలుస్తుంది, డెబ్భైల నాటి రంగులు మాత్రం వెలిసిపోయి ఎర్రబారుతాయి. స్కాను చేయిస్తే అంగుళానికి 600 చుక్కలకు తగ్గనివ్వకు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే బొమ్మ నాణ్యత తగ్గుతుంది కనుక డాక్యుమెంటుగా పంపు.

2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు పిన్ని ఇంటి పైకప్పు కారి, ఆమె ఆల్బము ఒకటి ముద్దయిపోయింది. అందుకే మన పెట్టెను మళ్లీ అటకెక్కించవద్దు. స్కాను చేసినవాటి నకళ్లు కూడా ఒక్కచోటే ఉంచకు. కనీసం మూడు ఇళ్లలో ఉండాలి.

ఇంకొక్క విషయం, నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది. ఆ పెట్టెలో అడుగున, ఎర్రగుడ్డలో చుట్టి, మీ చిన్నతాతగారి పెద్దబ్బాయి ఫొటో ఉంది. ఆ బిడ్డ ఆరేళ్లకే పోయాడు. దాన్ని అందరూ చూసేలా పంపవద్దు. మీ చిన్నతాతగారు బ్రతికే ఉన్నారు. ఆయన ఇంటికి నువ్వే వెళ్లి, ముందు వేరే మాటలు మాట్లాడి, ఆయన సమ్మతి ఉంటేనే చూపించు. వద్దంటే మళ్లీ గుడ్డలో చుట్టి ఆయనకే ఇచ్చెయ్యి.

భోగికి రెండు రోజుల ముందే బయలుదేరు. పిన్నికి ఉదయం తొమ్మిది నుంచి పదకొండు దాకా ఓపిక బాగుంటుంది. ఆ వేళకు టెక్కలి చేరేలా చూసుకో. నీ గొంతు ఫోనులో ఆమెకు సరిగా వినబడదు కనుక, వస్తున్నావని నేనే చెప్పి ఉంచుతాను.

ఇట్లు,
నీ మేనత్త