టెక్ సందేహాలు: బాగాలేదంటున్న విండోస్‌ను దాటేసి, తర్వాతి దాని కోసం ఆగొచ్చా?

ప్రశ్న: సార్, మాది కడపలో ఏడు రోడ్ల దగ్గర చిన్న డీటీపీ సెంటరు. పెళ్లి పత్రికలు, కరపత్రాలు చేస్తాం. షాపులో కోర్ ఐ3 నాలుగో తరం డెస్క్‌టాప్, విండోస్ 10. పేజీలు డిజైన్ చేసే పేజ్‌మేకర్ 7, తెలుగు టైపింగ్‌కు అను ఫాంట్లు అన్నీ దాంట్లోనే ఉన్నాయి. ఇంట్లో పాప చదువుకు కొన్న లాప్‌టాప్ పదో తరం. అదీ 10 మీదే ఉంది, విండోస్ 11కి మారమని తెర మీద రోజూ అడుగుతోంది. 11 బాగాలేదని చాలామంది అంటున్నారు. అప్పట్లో విండోస్ విస్టాను వదిలేసి ఎక్స్‌పీ నుంచి నేరుగా 7కి పోయినాం, ఏమీ కాలేదు. ఈసారి కూడా అట్లే ఆగితే సరిపోతుందా?

జవాబు: విస్టాను వదిలేసి మంచి పనే చేశారు. అది మీకు ఎందుకు కలిసొచ్చిందో ముందు చూద్దాం. విస్టా 2007 జనవరి 30న మార్కెట్లోకి వచ్చింది. ప్రింటర్ల లాంటి పరికరాలను విండోస్‌తో కలిపే డ్రైవర్ల (చిన్న ప్రోగ్రాముల) పద్ధతి మారింది, కంపెనీలు కొత్త డ్రైవర్లు వేళకు ఇవ్వలేదు, దాంతో చాలా ప్రింటర్లు, గ్రాఫిక్స్ కార్డులు మొరాయించాయి. 512 ఎంబీ ర్యామ్ చాలన్నారు కానీ దాంతో ఈడ్చుకుంటూ నడిచేది. ఏం చేయబోయినా అనుమతి అడిగే పెట్టె అడ్డొచ్చేది. 2009 అక్టోబరు 22న వచ్చిన విండోస్ 7ను కట్టింది ఆ విస్టా పునాది మీదే. ఆ మధ్య కాలంలో డ్రైవర్లు కుదురుకున్నాయి, కంప్యూటర్లలో ర్యామ్ పెరిగింది. ఆగినవాళ్లకు దక్కిన లాభం అదే.

ఆగినన్నాళ్లూ ఎక్స్‌పీకి సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తూనే ఉన్నాయి, 2014 ఏప్రిల్ 8 దాకా. 2012లో స్టార్ట్ బటన్ తీసేసిన విండోస్ 8ని వదిలి 7 మీదే ఉండిపోయినవాళ్లకూ అదే అండ. 2015 జులైలో 10 వచ్చింది, 7కు 2020 జనవరి 14 దాకా అప్‌డేట్లు అందాయి. ఎక్కడా తొందర పడాల్సిన పని రాలేదు.

ఈసారి ఆ అండ లేదు. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది. అందుకే కొత్తది బాగుందా లేదా అని వాకబు చేసే ముందు, చేతిలో ఉన్నదానికి ప్యాచ్‌లు, అంటే లోపాలను సరిచేసే సెక్యూరిటీ అప్‌డేట్లు, వస్తున్నాయా అని చూసుకోమంటాను. ప్యాచ్ వేయని కంప్యూటరు ఏమవుతుందో 2017 మేలో వానాక్రై వైరస్ చూపించింది. దాన్ని ఆపే ప్యాచ్ మార్చిలోనే వచ్చింది. అది వేసుకోనివాళ్ల ఫైళ్లకు తాళం పడింది, డబ్బు కట్టమని తెర మీద ఎర్రటి పెట్టె వచ్చింది. మన రాష్ట్రంలో పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. మీ షాపులో రోజూ ఎంతమంది పెన్‌డ్రైవ్‌లు తెచ్చి ఇస్తారో మీకే తెలుసు. ఇన్నేళ్ల పెళ్లి పత్రికల డిజైన్లు ఒక్క పూటలో పోతే ఆ నష్టం ఎవరూ పూడ్చలేరు.

ముందు లాప్‌టాప్ సంగతి. దాన్ని 11కి మార్చేయండి, టెన్షన్ అక్కర్లేదు. పదో తరం ప్రాసెసరుకు ఇబ్బంది ఉండకూడదు. మైక్రోసాఫ్ట్ ఇచ్చే పీసీ హెల్త్ చెక్ యాప్‌తో ఒకసారి ఖాయం చేసుకోండి. 11 మీద జనం చెప్పే ఫిర్యాదుల్లో నిజం ఉంది. టాస్క్‌బార్‌ను తెర పక్కకు జరపనివ్వకుండా తెచ్చారు. రైట్‌క్లిక్ చేస్తే సగం ఆప్షన్లు ఇంకో మెనూలో దాక్కుంటాయి. కొత్తగా వేసేటప్పుడు మామూలుగా మైక్రోసాఫ్ట్ ఖాతా లేనిదే మొదలుపెట్టనివ్వరు. ఈ చివరిది నాకూ నచ్చదు. కానీ ఇవన్నీ చిరాకులు, పని ఆపేసే లోపాలు కావు. మధ్యలోకి వెళ్లిన స్టార్ట్ బటన్‌ను సెట్టింగ్స్‌లో పర్సనలైజేషన్, టాస్క్‌బార్ లోకి వెళ్లి ఎడమకు తెచ్చుకోవచ్చు.

మార్చాక పది రోజుల దాకా వెనక్కి పోయే దారి ఉంటుంది. సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీలో ‘గో బ్యాక్’ అని కనిపిస్తుంది. ఆ పది రోజుల్లో డిస్క్ క్లీనప్ చేసి ‘విండోస్ డాట్ ఓల్డ్’ ఫోల్డర్‌ను తీసేయొద్దు, తీస్తే ఆ దారి మూసుకుపోతుంది.

ఆ పది రోజులను షాపు కోసం వాడుకోండి. లాప్‌టాప్‌ను ఒక ఆదివారం షాపుకు తీసుకెళ్లి అను, పేజ్‌మేకర్ వేసి, మీ ప్రింటరు తగిలించండి. పాత పెళ్లి పత్రిక ఒకటి తెరిచి ప్రింటు తీయండి. పైన ‘శ్రీరస్తు శుభమస్తు’లో ఒత్తులు సరిగ్గా పడ్డాయా, ముహూర్తం లైను కిందికి జారిందా, పేర్లలో క్ష, జ్ఞ విడిపోయాయా చూడండి. ఆ తర్వాత స్కానరు. 2024 అక్టోబరులో వచ్చిన 24హెచ్2 వెర్షన్‌లో యూఎస్‌బీ స్కానర్లు కొన్నింటితో ఇబ్బంది వచ్చి, అలాంటి కంప్యూటర్లకు ఆ అప్‌డేట్‌ను మైక్రోసాఫ్టే కొన్నాళ్లు ఆపింది. మీకూ ఎప్పుడైనా అప్‌డేట్ రాకుండా ఆగితే బలవంతంగా ఎక్కించొద్దు.

ఈ పరీక్ష అంత పట్టుబట్టి ఎందుకు చెబుతున్నానంటే, ఒకసారి నేను ఏమీ చూసుకోకుండా కొత్త ఓఎస్ (విండోస్ లాంటి మూల సాఫ్ట్‌వేర్) ఎక్కించాను. బాగా పనిచేస్తున్న ప్రింటరుకు కొత్త డ్రైవరు లేదని కంపెనీ చేతులెత్తేసింది. మరుసటి రోజు ఇవ్వాల్సిన కాగితాల కోసం రాత్రి తొమ్మిదికి అనంతపురంలో క్లాక్ టవర్ చుట్టూ తెరిచి ఉన్న జిరాక్స్ షాపు కోసం తిరిగాను. మీకు ఆ తిప్పలు రాకూడదు.

ఇక షాపు డెస్క్‌టాప్. 11కి టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం ప్రాసెసరు కావాలి. మీది నాలుగో తరం కాబట్టి అధికారికంగా ఎక్కదు. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అబౌట్ తెరిచి మీ విండోస్ 32 బిట్టా 64 బిట్టా కూడా చూడండి. 11లో 32 బిట్ లేనే లేదు. 32 బిట్ కోసం చేసిన ప్రింటరు డ్రైవరు 64 బిట్‌లో పనిచేయదు, బాగా పాత 16 బిట్ ప్రోగ్రాములు తెరుచుకోవు. కొత్త డెస్క్‌టాప్ కొన్నా ఈ లెక్క మీకు కావాలి.

ఇళ్లలో వాడే కంప్యూటర్లకు విండోస్ 10 ప్యాచ్‌లను ఈఎస్‌యూ (పొడిగించిన సెక్యూరిటీ అప్‌డేట్లు) పేరుతో 2026 అక్టోబరు 13 దాకా ప్రకటించారు. 22హెచ్2 వెర్షన్ ఉండాలి, విండోస్ అప్‌డేట్ పేజీలోనే నమోదు చేసుకోవాలి. వ్యాపారాలకు వేరేగా ఉంది: గరిష్ఠంగా మూడేళ్లు, మొదటి ఏడాది 61 డాలర్లు, ఆపైన ఏటా రెట్టింపు. ఒక్క పాత ఐ3 కోసం అంత పెట్టడం దండగ. దానికి ఇంటర్నెట్ తీసేసి పేజ్‌మేకర్‌కే ఉంచండి. మెయిళ్లు, వాట్సాప్ వెబ్, కస్టమర్ల పెన్‌డ్రైవ్‌లు 11 ఉన్న మిషన్‌లో తెరిచి, స్కాన్ చేశాకే ఫైలును ఇటు పంపండి. కొత్తది కొనేటప్పుడు అదే ప్రధాన మిషన్ అవుతుంది.

ఏ మార్పుకైనా ముందు పేజ్‌మేకర్ పీఎండీ ఫైళ్లు, ఫాంట్లు రెండూ బయటి హార్డ్‌డిస్క్‌లోకి తీసుకోండి. అను ఫాంట్లు యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా అక్షరాలు చదివే ఉమ్మడి పద్ధతి) కాదు. ఫాంటు పోతే తెలుగంతా పిచ్చి గుర్తులుగా కనిపిస్తుంది. ముఖ్యమైన డిజైన్లకు ఫాంట్లు ఇమిడి ఉండే పీడీఎఫ్ కూడా చేసి పెట్టుకోండి.

ప్రశ్న: కర్నూలులో ఇంజినీరింగ్ చదువుతున్నాను. నా పాత లాప్‌టాప్‌కు 11 అర్హత లేదు. చెకింగ్ దాటించే పద్ధతులు యూట్యూబ్‌లో చూపిస్తున్నారు. చేయొచ్చా సార్?

జవాబు: చదువుకు, ప్రయోగానికి అయితే చేయొచ్చు, మళ్లీ మొదటి నుంచి ఓఎస్ వేసుకునే ఓపిక ఉంటే. అలాంటి కంప్యూటర్లకు అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదని మైక్రోసాఫ్ట్ ముందే చెప్పింది. ప్రాజెక్టు రిపోర్టు ఇచ్చే వారంలో మాత్రం చేయొద్దు.

ప్రశ్న: అనంతపురం నుంచి. ఐఫోన్‌లో ఐఓఎస్ 26 వేసుకున్నాక అంతా అద్దంలా ఉంది, అక్షరాలు కనపడటం లేదు. పాతదానికి పోవచ్చా?

జవాబు: పాత వెర్షన్లను మళ్లీ వేసుకునే అనుమతిని ఆపిల్ కొద్ది రోజుల్లోనే ఆపేస్తుంది. విండోస్‌లోలా ‘గో బ్యాక్’ ఉండదు. 26.1కి గానీ ఆ తర్వాతి వెర్షన్‌కు గానీ అప్‌డేట్ చేసి, సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే అండ్ బ్రైట్‌నెస్ తెరిచి, లిక్విడ్ గ్లాస్ దగ్గర ‘టింటెడ్’ ఎంచుకోండి. అద్దం మందమై అక్షరాలు తేరుకుంటాయి. అదీ చాలకపోతే యాక్సెసిబిలిటీలో ‘రెడ్యూస్ ట్రాన్స్‌పరెన్సీ’ ఆన్ చేయండి.